తీరిక ఎవరి సొత్తు?

పాఠ్యభాగ నేపథ్యం: ఖమ్మం జిల్లా నేలకొండపల్లికి చెందిన ఒక విశ్వవిద్యాలయ విద్యార్థిని తన తీరిక వేళలను, ఇష్టమైన సంగీతాన్ని, ప్రయాణాల కలలను తరచి చూసుకొని రాసిన వ్యాసమిది. తీరికను సద్వినియోగం చేసుకోవడం ఎట్లాగో, ఆ తీరిక మనకు ఎవరి శ్రమ వల్ల లభిస్తున్నదో విద్యార్థులను ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

నేను వరంగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయంలో చేరిన తొలి వారంలో మా ఆచార్యులు ఒక్కొక్కరినీ లేపి పరిచయం చేసుకొమ్మన్నారు. పేరు, ఊరు చెప్పిన తరువాత "తీరిక వేళల్లో ఏం చేస్తావమ్మా?" అని అడిగారు. నాకు ముందు లేచినవారంతా చెప్పిన సమాధానమే నేనూ చెప్పాను. "పాటలు వింటాను సార్. ప్రయాణాలంటే ఇష్టం." ఆయన చిరునవ్వు నవ్వి, "మంచిది. నిన్న విన్న పాట ఏది? పోయిన సెలవుల్లో చూసిన ఊరేది?" అన్నారు. నిన్న నా చెవిలో నలభై పాటలైనా మోగి ఉంటాయి. వాటిలో ఒక్కటీ గుర్తుకు రాలేదు. పోయిన సెలవుల్లో ఇల్లు కదలలేదు. తలవంచుకొని కూర్చున్నాను.

ఆ రోజు మొదలైన ఆలోచన ఈనాటికీ నన్ను విడిచిపెట్టలేదు. తీరిక అంటే ఏమిటి? పని తీరిన తరువాత మిగిలేది తీరిక. మనకు అది పని చివర మిగిలే చిన్న ముక్క మాత్రమే. ప్రాచీన గ్రీకులు మాత్రం తీరికనే జీవితానికి కేంద్రంగా భావించారు. తీరికను వారు 'స్కోలే' అన్నారు. నేడు లోకమంతా వాడుతున్న 'స్కూల్' అనే మాట ఆ పదం నుండే పుట్టింది. తీరిక ఉన్నవాడే తత్త్వాన్ని, గణితాన్ని, సంగీతాన్ని అభ్యసించగలడని వారి విశ్వాసం. అయితే ఆ తీరిక గ్రీకు సమాజంలో అందరికీ లభించలేదు. పొలంలోను, గనిలోను, వంటింటిలోను బానిసలు చెమటోడ్చగా మిగిలిన కాలమే పౌరుల చేతికి తీరికగా అందింది. ఈ సంగతి తరగతి గదిలో విన్నప్పుడు అది చరిత్రగానే తోచింది. మా ఇంటి వంటగదిలో నిలబడి తలచుకొన్నప్పుడు అది వర్తమానంగా తోచింది. ఆ విషయం ముందు ముందు చెబుతాను.

మొదట మన తీరికను మనం ఏం చేస్తున్నామో చూద్దాం. తెలుగులో 'కాలక్షేపం' అనే చక్కని మాట ఉన్నది. నేడు ఆ మాటకు పొద్దుపుచ్చడం అని మాత్రమే అర్థం మిగిలింది. వెనుకటి రోజుల్లో హరికథను 'హరికథా కాలక్షేపం' అనేవారు. చేతిలో చిడతలు, కాలికి గజ్జెలు ధరించి భాగవతార్ కథ చెబుతుంటే, ఊరంతా పందిట్లో కూర్చొని తెల్లవార్లూ వినేవారు. కాలాన్ని ఒక మంచి వస్తువు మీద వెచ్చించడమే అప్పటి కాలక్షేపం. ఇప్పుడు మనం అరచేతిలోని తెరను బొటనవేలితో పైకి తోస్తూ గంటలను దొర్లిస్తున్నాము. ఒక దృశ్యం ముగియకముందే మరొకటి, ఒక పాట పల్లవి దాటకముందే ఇంకొకటి. చివరకు కళ్ళమంటలు తప్ప ఏమీ మిగలవు. ఇందులో సాంకేతిక విజ్ఞానం తప్పు ఏమీ లేదు. దేనినీ చివరిదాకా వినని, చూడని మన అలవాటే అసలు లోపం.

ఈ లోపం నాకు తెలిసివచ్చింది మా ఊరిలోనే. ఒక సంక్రాంతి సెలవుల్లో ఇంటికి వెళ్ళాను. ఆ సాయంత్రం కరెంటు పోయింది. సెల్‌ఫోనులో ఛార్జింగు అయిపోయింది. ఏం చేయాలో తోచక అరుగు మీద కూర్చున్నాను. లోపల అమ్మ దీపం వెలుగులో చేటలో బియ్యం పోసుకొని రాళ్ళు ఏరుతూ, తనలో తాను ఒక రామదాసు కీర్తన పాడుకొంటున్నది. శ్రుతి లేదు, తాళం చేటది. అయినా ఆ పాటను నేను పల్లవి నుండి చివరి చరణం దాకా కదలకుండా విన్నాను. ఇన్నేళ్ళుగా అమ్మ పాడుతూనే ఉన్నదట. నా చెవుల్లో పెట్టుకొన్న ఇయర్‌ఫోన్ల వల్ల అది నాకు వినబడలేదు.

ఆ కీర్తన మా ఊరివాడిదే కావడం గమనించదగిన విషయం. భక్త రామదాసుగా లోకప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న 17వ శతాబ్దంలో నేలకొండపల్లిలో జన్మించాడు. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో మంత్రులైన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలు. వారి ఆదరణతో పాల్వంచ పరగణాకు తహసీల్దారై, భద్రాచలంలో సీతారాములకు ఆలయం నిర్మించాడు. సర్కారుకు జమకట్టవలసిన పన్ను సొమ్మును ఆలయానికి వెచ్చించాడన్న అభియోగంపై గోల్కొండలో బందీ అయ్యాడు. పన్నెండేళ్ళు చెరలో ఉన్నాడని, రామలక్ష్మణులే మారువేషాలలో వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి విడిపించారని జనశ్రుతి. ఐతిహ్యాన్ని భక్తితో నమ్మేవారు నమ్ముతారు, చరిత్రకారులు తమ పద్ధతిలో పరిశీలిస్తారు. ఆ కీర్తనలలోని ఆవేదన మాత్రం ఎవరూ కాదనలేని సత్యం. సీతమ్మకు, లక్ష్మణునికి, భరత శత్రుఘ్నులకు చేయించిన నగలకు ఎంతెంత ఖర్చయినదో లెక్క చెప్పి, దేవుణ్ణే నిలదీసిన కీర్తన వంటిది ప్రపంచ భక్తి సాహిత్యంలో అరుదు. కోపం వచ్చి తిట్టడం, వెంటనే నొచ్చుకొని క్షమించమనడం - ఇది సొంత ఇంటి మనిషితో మాట్లాడే తీరు.

చెరసాలలో గడిపిన కాలాన్ని తీరిక అనలేము. స్వేచ్ఛ లేని చోట తీరిక లేదు. కాని చేతులకు సంకెళ్ళు పడినవాడు సైతం కాలాన్ని వ్యర్థం కానీయకుండా పాటగా మలచినప్పుడు, సకల స్వేచ్ఛలూ ఉన్న మనం కాలాన్ని ఏం చేస్తున్నామన్న ప్రశ్న తప్పక ఎదురవుతుంది.

రామదాసు కీర్తనలు మొదట ఊరూరా భజన బృందాల నోట నిలిచాయి. హార్మోనియం, మృదంగం, తాళాలు పట్టుకొన్న సామాన్యులే వాటిని తరం నుండి తరానికి అందించారు. తరువాతి కాలపు వాగ్గేయకారుడైన త్యాగరాజు సైతం తన రచనలలో రామదాసును తలచుకొన్నాడు. 20వ శతాబ్దంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఆకాశవాణి ద్వారాను, రికార్డుల ద్వారాను ఆ కీర్తనలను ఇంటింటికీ చేర్చారు. చలనచిత్రాలు కూడా ఈ సేవలో వెనుకబడలేదు. 1964లో చిత్తూరు నాగయ్య 'రామదాసు' చిత్రం నిర్మించగా, 2006లో కె.రాఘవేంద్రరావు దర్శకత్వంలో కీరవాణి సంగీతంతో 'శ్రీరామదాసు' వెలువడింది. అమ్మ పాడే బాణీ వీటిలో దేనినీ పోలి ఉండదు. అది మా అమ్మమ్మ గొంతులో నుండి వచ్చిన బాణీ. ఇప్పుడు నాకు ఇష్టమైన పాట ఏదని ఎవరైనా అడిగితే, ఒకే కీర్తనను మూడు బాణీలలో విని ఆ తేడా గమనించడం నాకు ఇష్టమని చెబుతాను.

శాస్త్రీయ సంగీతమే గొప్పదని, సినిమా పాట తక్కువదని నా అభిప్రాయం కాదు. ఏ పాటనైనా మనసు పెట్టి వినాలన్నదే నా మనవి. మా జిల్లా ఎల్ల దాటి మణుగూరు దిక్కున అడవుల్లోకి వెళితే కోయల డోలు వినిపిస్తుంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య అక్షరం నేర్వలేదు. అయినా కోయ వంశాల చరిత్రలను, సమ్మక్క సారలమ్మల గాథను డోలు దరువుతో కంఠస్థంగా గానం చేసేవారు. 2022లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. 2024లో ఆయన కన్నుమూశారు. పుస్తకం లేని జాతికి పాటే పుస్తకం, గాయకుడే గ్రంథాలయం. అట్లాంటి పాటను వినకపోతే ఆ గ్రంథాలయం తలుపు మనకు మూసుకుపోయినట్లే. అందుచేత సంగీతం తీరిక వేళల వినోదం మాత్రమే అనుకోవడం పొరపాటు. అది ఒక జాతి జ్ఞాపకం కూడా.

ఇక ప్రయాణాల మాట. మా గదిలో గోడకు ఒక మంచుకొండ చిత్రం అంటించుకొన్నాను. కాశ్మీరం చూడాలని, హిమాలయాల పాదాల వద్ద నిలబడాలని నా కోరిక. ఇది కేవలం సినిమాలు నేర్పిన కోరిక అని తోటివారు ఎగతాళి చేస్తారు. కొంత నిజమే. కాని ఉస్మానియాలో ఆచార్యులుగా పనిచేసి, తరువాత తెలుగు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులైన నాయని కృష్ణకుమారి రాసిన 'కాశ్మీర దీపకళిక' చదివిన తరువాత ఆ కోరికకు ఒక రూపం వచ్చింది. ఒక తెలుగు స్త్రీ అంత దూరం వెళ్ళి, చూసినదానిని తెలుగులో మనకు చెప్పగలిగిందన్న ధైర్యం కలిగింది.

తెలుగులో యాత్రా రచనకు ఆద్యుడు ఏనుగుల వీరాస్వామి. చెన్నపట్నంలోని సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఆయన 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. రైళ్ళు లేని రోజులవి. ఏ ఊరిలో ఏ వస్తువు దొరుకుతుందో, ఏ బాట ఎట్లా ఉన్నదో, ఎక్కడి జనం ఏ భాష మాట్లాడతారో ఎప్పటికప్పుడు రాసి ఉంచాడు. 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర' నేటికీ చరిత్ర విద్యార్థులకు ఆధారగ్రంథం. ప్రయాణం చేయడం వేరు, చూడడం వేరు అని ఆ గ్రంథం నాకు నేర్పింది. మరొక విషయం కూడా అందులో ఉన్నది. ఆయన సవారీని దారి పొడవునా మోసినవారు బోయీలు. వారి భుజాలు లేకపోతే ఆ యాత్ర లేదు, ఆ గ్రంథమూ లేదు.

చూడడం నాకు ఎంత తక్కువగా వచ్చునో రెండు సందర్భాలలో తేటతెల్లమైంది. నా సహాధ్యాయిని ఒకామె, "మీ నేలకొండపల్లిలో బౌద్ధ స్తూపం ఉన్నదట గదా, చూపిస్తావా?" అన్నది. మా ఊరి చెంత ముజ్జుగూడెం దారిలో ఉన్న ఆ మహాస్తూపాన్ని బడికి పోయే రోజుల్లో దూరం నుండి మట్టిదిబ్బగా చూశానే గాని దగ్గరకు పోలేదు. ఆమెతో కలిసి మొదటిసారి దాని చుట్టూ తిరిగాను. సుమారు సా.శ. 3, 4 శతాబ్దాలలో ఇక్కడ భిక్షువులు నివసించారు, బాటసారులు ఆగారు. విరాటరాజు కొలువు ఇక్కడిదేనని, కీచకవధ ఇక్కడే జరిగిందని మా పెద్దలు చెప్పే కథలు కూడా ఆ రోజే ఆమెకు చెప్పాను. హిమాలయాల చిత్రాన్ని గోడకు అంటించుకొన్న నేను, ఇంటికి కూతవేటు దూరంలోని చరిత్రను చూపించడానికి పరాయి ఊరి పిల్ల రావలసివచ్చింది.

రెండవది గోల్కొండలో జరిగింది. మా శాఖవారు విహారయాత్రకు తీసుకువెళ్ళినప్పుడు రామదాసు బందిఖానా చూశాను. చీకటి గది. గోడ మీద ఆయన చెక్కినవని చెప్పే దేవతామూర్తులు. గబగబా పది ఫొటోలు తీసుకొని బయటికి వచ్చాను. ఇంటికి వెళ్ళి చెప్పగానే అమ్మ కళ్ళు మెరిశాయి. "గోడ మీద రామయ్య ఏ పక్కకు చూస్తున్నాడే అమ్మాయ్? గది ఎంత ఉంది? మనిషి కాళ్ళు చాపుకొనే చోటు ఉందా?" అని అడిగింది. నేను ఫోను తీసి వెదికాను. చీకటిలో తీసిన చిత్రాలలో నా ముఖం తప్ప ఏమీ కనబడలేదు. జీవితంలో ఎన్నడూ గోల్కొండ చూడని అమ్మ ఆ గదిని చూసినదానికన్నా ఎక్కువగా ఊహించుకొన్నది. స్వయంగా వెళ్ళిన నేను చూడకుండానే తిరిగివచ్చాను.

అప్పటి నుండి నా ప్రయాణాల కలకు కొత్త దారి ఏర్పడింది. నేలకొండపల్లి నుండి ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా అడవుల వెంట భద్రాచలం చేరాలి. పర్ణశాల చూసి, పాపికొండల నడుమ గోదావరి మీద పడవలో పోవాలి. చివరకు గోల్కొండకు మళ్ళీ వెళ్ళాలి. ఇది మా ఊరి గోపన్న నడిచిన జీవితానికి పటం. ఈ దారిలో కొన్ని చోట్లు మన కోసం ఆగి ఉండవు. 2014లో పూర్వపు ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ప్రాంతాలు పోలవరం ప్రాజెక్టు కారణంగా ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. గోదావరి, శబరి ఒడ్డున ఉన్న ఎన్నో కోయ పల్లెలు ముంపు జాబితాలో ఉన్నాయి. ఊళ్ళను చూడడం వాయిదా వేసేవారు ఒక్కొక్కసారి నీటినే చూడవలసివస్తుంది.

ఇక ముందు చెబుతానన్న విషయానికి వస్తాను. మా ఇంట్లో తీరిక ఎవరికి ఉన్నది? సెలవులకు ఇంటికి వచ్చిన అన్నయ్య సాయంత్రం కాగానే స్నేహితులతో కూడలికి వెళతాడు. నాన్న పొలం నుండి వచ్చి పత్రిక చదువుతారు. నేను చదువుకొంటున్నాననే మిషతో గదిలో కూర్చొంటాను. అమ్మ తెల్లవారుజామున లేచి ఇంటిపని ముగించుకొని, మిరప తోటలో కాయ ఏరడానికి పోయి, పొద్దుగూకాక వచ్చి మళ్ళీ పొయ్యి వెలిగిస్తుంది. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చించగా, ఆ పని చేసే పురుషులు వెచ్చించింది 88 నిమిషాలు. 2019లో ఈ సంఖ్యలు 299, 97. ఐదేళ్ళలో అంతరం పెద్దగా తరిగింది లేదు. నాకు దొరికే తీరిక ఆ 289 నిమిషాలలో నుండి వచ్చినదే గదా!

అమ్మ పాటకు కూడా తీరిక లేదు. అందుకే అది బియ్యం ఏరేటప్పుడు, నాటు వేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు పుడుతుంది. మన జానపద గేయాలలో ఎన్నో పని పాటలే ఎందుకయ్యాయో ఇప్పుడు అర్థమవుతున్నది. తీరిక లేనివారు పనిలోనే పాటను వెదుక్కొన్నారు. వారి సృజనను మెచ్చుకొందాం. కాని ఆ మెప్పు చాటున వారికి తీరిక అక్కరలేదని అనుకోవడం అన్యాయం.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుండి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణం అమలులోకి వచ్చింది. "అమ్మా, ఇప్పుడు ఛార్జీ కూడా లేదు, గోల్కొండకు పోదాం రా" అన్నాను. "బస్సుకు డబ్బులు లేకపాయెనే గాని, రెండు రోజులు ఈ ఇల్లు ఎవరు చూస్తారు బిడ్డా?" అన్నది. అమ్మ మాటలో ఒక పెద్ద సత్యమున్నది. ప్రయాణించే వీలు కలిగింది, ప్రయాణించే తీరిక ఇంకా రావలసి ఉన్నది. మొదటిది ప్రభుత్వం ఇవ్వగలిగింది. రెండవది ఇంట్లోనివారే ఇవ్వాలి.

నా ఆలోచనలు విని నాన్న ఒప్పుకోలేదు. "పోటీ పరీక్షలు దగ్గరికి వస్తున్నవి. ఈ వయసులో తీరిక ఏమిటి, పాటలు ఏమిటి? ఉద్యోగం వచ్చాక ఎన్ని ఊళ్ళయినా తిరగవచ్చు" అన్నారు. ఎరువుల బాకీ, మిరప ధర, మా ఇద్దరి ఫీజులు - ఇవన్నీ మోసిన మనిషి మాట అది. దానిని తేలికగా తీసివేయలేను. కాని ఉద్యోగం వచ్చాక తీరిక తనంత తాను రాదు. తీరికను వాడడం చిన్ననాడు నేర్వనివాడు, పెద్దయ్యాక సెలవు దొరికినా ఏం చేయాలో తోచక తెర ముందే కూర్చొంటాడు. ఆంగ్ల తత్త్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ 1932లో రాసిన ఒక వ్యాసంలో, రోజుకు నాలుగు గంటల పనితో సమాజం నడవగలదని, తీరికను వివేకంతో వాడడం మాత్రం విద్య నేర్పవలసిన విషయమని వాదించాడు. నాలుగు గంటల మాట అటుంచినా, రెండవ మాట మనకు శిరోధార్యం. పరీక్షకు చదవవలసిందే. ఆ చదువు నడుమ రోజుకు ఒక్క పాటను పూర్తిగా వినడానికి, నెలకు ఒక్క చోటును నిదానంగా చూడడానికి కాలం లేకపోలేదు. తెర మీద దొర్లిపోయే గంటలలో నుండి ఒక అరగంట తీస్తే చాలు.

కాబట్టి మిత్రులారా, నా అభిప్రాయాన్ని క్రోడీకరిస్తాను. తీరిక ఖాళీ కాలం కాదు, అది మన చేతికందిన ధనం. విన్నదానిని చివరిదాకా వినడం, చూసినదానిని నిదానంగా చూడడం ఆ ధనాన్ని అనుభవించే పద్ధతులు. అయితే ఆ ధనంలో ఇతరుల వాటా ఉన్నది. ఎవరి శ్రమ వల్ల మనకు తీరిక చిక్కిందో వారికి అందులో కొంత తిరిగి ఇవ్వడం దయాగుణం కాదు, బాకీ తీర్చడం.

ఈసారి వేసవి సెలవుల్లో రెండు రోజులు వంట నేనూ అన్నయ్యా చేస్తామని ముందే పంచుకొని, ఆ పద్ధతిని అలవాటు చేసుకొన్నాము. అన్నయ్య మొదటి రోజు అన్నం మాడ్చాడు. నాన్న ఏమీ అనకుండా తిన్నారు. ఆ తరువాతి వారం ఇంటిని వారిద్దరికీ అప్పగించి, అమ్మా నేనూ ఖమ్మంలో హైదరాబాదు బస్సు ఎక్కాలని నిశ్చయించుకొన్నాము. ఫోను సంచిలోనే ఉంచుతానని అమ్మకు మాట ఇచ్చాను. రామయ్య ఏ పక్కకు చూస్తున్నాడో ఈసారి ఇద్దరమూ కలిసి చూస్తాము.